ఫ్లెక్సీ మీద మా అమ్మాయి

మా అమ్మాయి తనంతట తాను తెలుగు చదవడం నేను మొదటిసారి చూసింది ఈ వేసవిలో, ఒక ఫ్లెక్సీ మీద. విజయవాడ సత్యనారాయణపురంలో మా అమ్మ ఉండే వీధి మలుపులో కరెంటు స్తంభానికి కట్టారు దాన్ని. "అ... మె... రి... కా నుం... చి" అంటూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని, "బా... ల వి..." దాకా వచ్చి 'ద్వాం' దగ్గర ఆగిపోయింది. పైన తన ఫొటో. రెండేళ్ల కిందటి పుట్టినరోజుది. కేకు కోస్తున్న చాకు తీసేసి వయొలిన్ పెట్టారు. కమాను ఎడమ చేతికి వచ్చింది.

"విద్వాంసురాలు అంటే ఏంటి నాన్నా?"

చెప్పాను. సంగీతం క్షుణ్ణంగా వచ్చినావిడ అని.

"అయితే అది అబద్ధం కదా."

ఆ రాత్రి అన్నం దగ్గర చెప్పేసింది, ఆదివారం కచేరీలో వాయించనని. ఏడుపు లేదు, అలక లేదు. పెరుగన్నంలో మామిడిపండు నంజుకుంటూ, ఇంకో ముద్ద వద్దన్నంత మామూలుగా చెప్పింది. పన్నెండేళ్ల పిల్ల.

ఆ ఇరవై నిమిషాల కోసం మార్చి నుంచి ఎన్ని ఫోన్లు చేశానో నాకే తెలుసు. తెలిసినాయన ఒకాయన్ని పట్టుకుని, ఆయన ద్వారా ఒక సభ వాళ్లని పట్టుకుని, ఒక వర్ణం, రెండు కీర్తనలు అనుకున్నాం. అనుకున్నాం అంటే నేను అనుకున్నాను. ఫ్లెక్సీ డిజైను ముందు నాకే వాట్సాప్‌లో పంపారు. 'బాల విద్వాంసురాలు' అన్న మాట చూసి కొంచెం ఎక్కువైందేమో అనిపించింది కూడా. అయినా బొటనవేలి బొమ్మ నొక్కి పంపేశాను. కమాను ఏ చేతిలో ఉందో చూడనేలేదు.

తర్వాత రెండు రోజులు నేను చేసిన పనులు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ చెప్తాను. మొదట లంచం, కొత్త ట్యాబ్. తర్వాత బెదిరింపు, ఇంక వయొలిన్ క్లాసులే మాన్పించేస్తానని. ఎక్కడ 'సరే' అంటుందో అని భయం వేసి మళ్లీ నేనే మాట మార్చాను. చివరికి, "తాతయ్య ఉండుంటే ఎంత సంతోషించేవారో" అన్నాను. మా నాన్న పోయి ఆరేళ్లయింది. బతికుండగా ఆయన నా పిల్లని ఒక్కసారి కూడా వాయించమని అడగలేదు. పోయిన మనిషిని సాక్ష్యానికి పిలిచాను.

ఇవన్నీ అయ్యాక కథలు మొదలుపెట్టాను. బెజవాడలో ఈ కథలకి కరువు లేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఈ ఊళ్లోనే పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర నేర్చుకున్నారని, ఎనిమిదేళ్లకే ఇక్కడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేశారని చెప్పాను. ఆయన అసలు పేరు మురళీకృష్ణ. ముందు 'బాల' చేర్చింది హరికథ చెప్పే ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ గారు, ఆ పిల్లవాడి ప్రజ్ఞ చూసి. (ఆ 'బాల' వేరు, మా వీధి మలుపులో వేలాడుతున్న 'బాల' వేరు అన్న సంగతి చెబుతుండగానే నాకూ తట్టింది. ఆయనకి విన్నవాళ్లు ఇచ్చారు. మా అమ్మాయికి ఫ్లెక్సీ షాపు వాళ్లు ఇచ్చారు, ఇంకా ఎవరూ వినకముందే.)

"ఎనిమిదేళ్లకా? పాపం," అంది మా అమ్మాయి.

సరే, సంగీతం వద్దులే అని చదరంగంలోకి వెళ్లాను. కోనేరు హంపి గుడివాడలో పుట్టినా బెజవాడ వాళ్లం అందరం మా అమ్మాయే అనుకుంటాం. వాళ్ల నాన్న అశోక్ గారు లెక్చరర్ ఉద్యోగం వదిలేసి కూతురికి ఆట నేర్పించుకున్నారు. పేరు కూడా 'చాంపియన్' అన్న మాటలోంచి తీసి పెట్టుకున్నారు. ఆ అమ్మాయి 2002లో, పదిహేనేళ్ల ఒక నెల ఇరవై ఏడు రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. అప్పటికి ఆడపిల్లల్లో అంత చిన్న వయసులో ఎవరూ కాలేదు. అక్కడితో అయిపోలేదు కూడా. ఒక బిడ్డకి తల్లయ్యాక 2019లో ఒకసారి, 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ఇంకోసారి ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. అంటే తోసినంత మాత్రాన పిల్లలు విరిగిపోరు, చూశావా, అని మా ఆవిడ వైపు తిరిగి అన్నాను.

మా ఆవిడది గుంటూరు, బ్రాడీపేట. ఊరగాయ జాడీ మూత బిగిస్తూనే అంది. "హంపి వాళ్ల నాన్నగారు ఉద్యోగం మానేశారు. మీరేం మానేశారు? శనివారం క్రికెట్టు కూడా మానలేదు." ఆగకుండా, తమ గుంటూరు పెంటేల హరికృష్ణకి ఆట నేర్పింది వాళ్ల తాతగారని, ఇంట్లో తాతల దగ్గర నేర్చుకున్నవాళ్లు కూడా గ్రాండ్‌మాస్టర్లవుతారని గుంటూరు పరువు కూడా కాపాడుకుంది.

నిజమే. నేను మానినదేమీ లేదు. ఆదివారం ఉదయం బెజవాడ మాస్టారితో ఆన్‌లైన్ క్లాసు పెట్టించి, పక్కన కాఫీ కప్పుతో కూర్చుని, "రిషభం తగ్గింది" అని చెప్పడం తప్ప నేను చేసిన కృషి లేదు. రిషభం తగ్గిందో లేదో కూడా నాకు సరిగ్గా తెలీదు. మాస్టారి మొహం చూసి చెప్తాను.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. నేనూ చిన్నప్పుడు ఫిడేలు నేర్చుకున్నాను. 'ఎమ్సెట్ కోసం మా నాన్న నా ఫిడేలు అటకెక్కించారు' అన్నది ఇరవై అయిదేళ్లుగా నేను చెప్పుకుంటున్న వాక్యం. పెళ్లిచూపుల్లో చెప్పాను. ఆఫీసులో భోజనాల దగ్గర చెప్పాను, అక్కడివాళ్లు అయ్యో అని తల ఊపారు. బెంజి సర్కిల్ దగ్గర ర్యాంకుల హోర్డింగులు చూపించి, "ఇదిగో, ఈ ఫొటోల కోసమే నా సంగీతం పోయింది" అని మా అమ్మాయికీ చెప్పాను.

శుక్రవారం రాత్రి మేడ మీద పక్కలు వేసుకున్నప్పుడు మళ్లీ అదే పాట అందుకున్నాను. మా నాన్న నన్ను మాన్పించారు కాబట్టి నా కూతురి విషయంలో ఆ తప్పు జరగకూడదని. మా అమ్మ దోమల కోసం విసనకర్ర ఊపుకుంటోంది. ఆపింది.

"మీ నాన్న ఎక్కడ మాన్పించార్రా? నువ్వే మానేశావు. తొమ్మిదో తరగతిలో. వేళ్లు నొప్పులన్నావు, ఆటకి లేటవుతోందన్నావు. మాస్టారు ఇంటికొస్తే బాత్రూములో దూరి గడియ పెట్టుకున్నావు. మీ నాన్న ఆ నెల డబ్బులు ఇచ్చి, కాఫీ ఇచ్చి పంపించారు ఆయన్ని."

కాదని అనబోయాను. బాత్రూము వెంటిలేటర్లోంచి కనిపించిన నల్లగొడుగు గుర్తొచ్చింది. గేటు పక్కన గోడకి ఆనించి పెట్టిన మాస్టారి గొడుగు. అది ఎప్పుడు కదులుతుందా అని నేను బకెట్టు మీద ఎక్కి చూస్తూ నిలబడ్డాను. ఇంత స్పష్టంగా గుర్తున్నదాన్ని ఇన్నేళ్లు ఎక్కడ దాచానో.

మంచివాడినైతే అప్పుడు సిగ్గుపడాలి. నాకు కోపం వచ్చింది. "మరి మీరైనా గట్టిగా చెప్పొచ్చుగా అమ్మా? ఒక దెబ్బ వేసి కూర్చోబెట్టొచ్చుగా?"

"వేస్తే వాయించేవాడివా?"

జవాబు చెప్పలేదు. మా అమ్మ మళ్లీ విసురుకోవడం మొదలుపెట్టింది.

మర్నాడు పాత స్నేహితుడి దగ్గరికి వెళ్లాను. ఒకే మాస్టారి దగ్గర నేర్చుకున్నాం, నాకంటే పదిరెట్లు బాగా వాయించేవాడు. వాళ్ల నాన్న తెల్లవారుజామున నాలుగింటికి లేపేవారు. పోటీలన్నీ తిప్పారు. ఆకాశవాణి ఆడిషన్‌లో బి గ్రేడు వచ్చింది, దాని పైదైన బి-హై రాలేదు. "మూడు నెలలు నాతో మాట్లాడలేదురా మా నాన్న," అన్నాడు నవ్వుతూనే. ఇప్పుడు బ్యాంకులో పని. సాయంత్రాలు గుళ్లో హరికథలకి పక్కన వాయిస్తాడు. వాళ్ల నాన్న మాట వచ్చినప్పుడల్లా వాడి గొంతు ఒకలా అయింది. కానీ నేను అడగ్గానే ఫిడేలు తీసి, శ్రుతి చేసి, కళ్లు మూసుకుని అరగంట వాయించాడు. అరగంటా నేను నా వేళ్ల వంక చూసుకుంటూ కూర్చున్నాను.

ఇందులోంచి ఏ నీతి తీయమంటారు? వాణ్ణి తోశారు, వాడికి తండ్రి మీద గాయం మిగిలింది, చేతిలో ఫిడేలు మిగిలింది. నన్ను తోయలేదు, తండ్రి మీద లేని గాయం ఒకటి నేనే కట్టుకున్నాను, ఫిడేలు మిగల్లేదు. నన్నడిగితే, ఎవరూ అడగలేదనుకోండి, పిల్లలు మనం చూడనప్పుడు కూడా ఆ పని చేస్తుంటే కొంచెం తోయొచ్చు, దాక్కుంటుంటే వదిలేయాలి అని చెప్పేవాణ్ణి. మొన్నటిదాకా. కానీ దాక్కున్నవాణ్ణి నేనే, వదిలేసింది మా నాన్నే, నలభై ఆరేళ్లొచ్చాక ఎందుకు వదిలేశారని అమ్మ మీద కేకలేసిందీ నేనే.

మా అమ్మాయి దాక్కోదు, అదీ చిక్కు. దానికి రెండు వయొలిన్లు. ఒకటి మన పద్ధతిలో స-ప-స-ప శ్రుతి చేసి ఉంటుంది, నేల మీద కూర్చుని కొన పాదం మీద ఆనించి వాయిస్తుంది. రెండోది బడి ఆర్కెస్ట్రాది, కుర్చీలో కూర్చుని. అక్కడి టీచరు వేలు జార్చొద్దంటారు. మన మాస్టారు గమకం లేకపోతే ఉప్పు లేని పప్పంటారు. దానికి ఏ ఇబ్బందీ లేదు, పెట్టె మార్చినట్టు చెయ్యి మారుస్తుంది. ఇబ్బందంతా నాది. ఆర్కెస్ట్రాలో అది రెండో వయొలిన్లలో, అందులోనూ చివరి వరసలో కూర్చుంటుంది. పోయినేడాది నేను దానికి తెలియకుండా టీచరుకి మెయిలు పెట్టాను, మా అమ్మాయి ఇన్నేళ్లుగా నేర్చుకుంటోంది, ముందుకి మార్చే వీలుందా అని. అక్కడ కూర్చుంటానని తనే అడిగింది అని జవాబొచ్చింది.

అప్పుడు అడగలేదు. ఈసారి, ఆ ఆదివారం, మా ఇరవై నిమిషాలు ఇంకెవరో పిల్లవాడు మృదంగం వాయించుకుంటుంటే, మేం ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తుంటే అడిగాను.

"అక్కడైతే నా వయొలిన్ ఒక్కటే వినపడదు నాన్నా. అందరిదీ కలిసి పెద్దగా వస్తుంది. నాదే అన్నట్టు ఉంటుంది."

కాసేపు మాట్లాడలేదు నేను. తర్వాత ఊరుకున్నానా? మన సంగీతంలో వయొలిన్ అంటేనే ముప్పాతిక వంతు పక్కవాద్యం కదా, పక్కన కూర్చోవడం కూడా గొప్పే అని అందుకున్నాను. ఇదే బెజవాడ అన్నవరపు రామస్వామి గారు ఎంతమంది మహా విద్వాంసుల పక్కన వాయించారో చెప్పాను. 1926లో పుట్టారు, పద్మశ్రీ 2021లో వచ్చింది. చెబుతూ చెబుతూ, అంటే ఇంకా ఎనభై ఏళ్లు టైముంది అని మనసులో లెక్క వేసుకుంటున్నానని గ్రహించి నోరు మూసుకున్నాను. అది గట్టు అంచున చేపలు పడుతున్నవాళ్లని చూస్తోంది.

తిరిగొచ్చి రెండు నెలలైంది. మొన్న అమ్మ ఫోన్లో చెప్పింది, ఆ ఫ్లెక్సీని కొబ్బరిబోండాల బండివాడు అడిగి తీసుకుని ఎండ పడకుండా పైన కట్టుకున్నాడట. "పిల్ల మొహం రోడ్డు మీదకే ఉంది. తీసెయ్యమననా?" అంది. ఉండనీ అమ్మా అన్నాను.

క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరుగుతున్నాయి, వాటిలో పిల్లలకి పోటీలు కూడా ఉంటాయి. వచ్చే వసంతానికి దాని వయసు విభాగం మారుతుంది. నిన్న రాత్రి అందరూ పడుకున్నాక దరఖాస్తు తెరిచి, పేరు, వయసు, గురువు పేరు నింపాను. ఏం వాయిస్తుందన్న గడి ఖాళీగా ఉంచి సేవ్ చేశాను. దానికింకా చెప్పలేదు.