ఏడో తరగతి చీటీలు

1/2కి 1/3 కలిపితే 2/5!

ఈ రోజు పాఠం చివర పిల్లలు రాసిచ్చిన చీటీల్లో సగానికి పైగా ఇదే తప్పు జవాబు. అంతకు ముందే "అర్థమైంది మేడమ్" అని తరగతంతా ఒక్క గొంతుతో అన్నారు.

పక్క సెక్షన్ లెక్కల మేడమ్ గారూ నేనూ ఆ చీటీలను బ్రాడీపేటలోని మా బడి స్టాఫ్ రూమ్ బల్ల మీద పరిచాం. లవాలను లవాలతో, హారాలను హారాలతో కలిపేశారు. అందరిదీ ఒకే దారి! అది కనిపించగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రేపు ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసింది కదా.

ఆమె కాగితం మడతలతో చెబుతారు, నేను సంఖ్యారేఖ మీద. తర్వాత రెండు సెక్షన్లకూ మళ్లీ అవే చీటీలు.

మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1946లో చర్యాత్మక పరిశోధన గురించి రాసింది ఇలాంటి పని గురించే: ఒక అడుగు వేయడం, ఏం జరిగిందో చూడడం, మార్చుకుని మళ్లీ వేయడం. బి.ఎడ్.లో దీన్ని చాలామంది రికార్డు కోసమే రాసి వదిలేస్తారు. నాకు అదే బాధ.

రేపు ఆమె పాఠం చెబుతుంటే నేను వెనక బెంచీలో కూర్చుని, పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో రాసుకుంటాను. నా తరగతికి ఆమె వస్తారు.