అన్నకి 52, నాకు 27

ఇవాళ నాలుగో తరగతికి లెక్క నేను ఇవ్వలేదు. బోర్డు మీద 52 – 27 అని రాసి, "దీనికి కథ మీరే రాయండి" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మొదలైంది: "టీచర్, కోళ్లు రాయొచ్చా?" "టీచర్, దొంగ ఉండొచ్చా?"

నోటుపుస్తకాలు చూస్తుంటే ఒకటే నవ్వు. 52 కోళ్లలో 27 తెగులొచ్చి చచ్చిపోయాయి. 52 మామిడికాయల్లో 27 కోతులు తినేశాయి. 52 రూపాయల్లో 27 చిరిగిన జేబులోంచి పడిపోయాయి. తీసివేత అంటే ఏదో ఒకటి పోవాల్సిందే! ఇద్దరి దగ్గరున్నవి పోల్చి 'ఎన్ని ఎక్కువ' అని అడిగే ఆలోచనే రాలేదు. వాళ్లననేం లాభం, 'పోగా మిగిలినవి' అని అరిగిపోయేలా చెప్పింది నేనే.

ఇలా తిరగేసి అడగడం ఒక పాత సంగతి చదివాక మొదలుపెట్టాను. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో 97 మంది చిన్నపిల్లల్ని, "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?" అని అడిగారు. 76 మంది ఆ అంకెలతోనే వయసు కట్టేశారు! మావాళ్లనీ అడిగి చూశాను. "36 టీచర్!" క్లాసంతా ఒకటే అరుపు.

కిటికీ పక్కన కూర్చునే పిల్ల పుస్తకం చివర్లో చూశాను. "అన్న దగ్గర 52 గోళీలు, నా దగ్గర 27. అన్న నాకు ఎన్నిస్తే ఇద్దరికీ సమానం?"

25 అనబోయి ఆగాను. 25 ఇచ్చేస్తే అన్నకి 27, దీనికి 52. తగువు అటునుంచి ఇటు వస్తుందంతే. 25లో సగమంటే పన్నెండున్నర.

"గోళీ పగలగొడతావా?" అన్నాను.

మాట్లాడకుండా వెళ్లి అలమరలోంచి చింతపిక్కల డబ్బా తెచ్చుకుంది. నేలమీద రెండు కుప్పలు పోసి, పెద్దదాంట్లోంచి చిన్నదాంట్లోకి ఒక్కొక్కటే జరిపింది. పన్నెండు జరిపేసరికి 40, 39. కాసేపు చూసి పెద్ద కుప్పలోంచి ఒక పిక్క తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది మీకు టీచర్."

వాళ్లన్న మా బళ్లోనే ఐదు చదువుతున్నాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర పిలిచి ఈ లెక్క చెప్పాను. పళ్లెంలోంచి తలెత్తకుండానే అన్నాడు: "నేనెందుకివ్వాలి టీచర్? అవన్నీ దాని దగ్గర గెల్చుకున్నవే."