గ్రీకు నగరాల త్రవ్వకాలను తేదీల వైపు నుంచి చదవడం: నెట్ పురావస్తు శాస్త్ర అభ్యర్థులకు నా ప్రిపరేషన్ అనుభవం

అధ్యాపక అర్హత కోసం రాసే యూజీసీ నెట్ పరీక్షకు పురావస్తు శాస్త్రం ఎంచుకున్న మనవాళ్లలో చాలామంది గ్రీకు నగరాల దగ్గరకు రాగానే ఆ పేజీలు దాటేస్తారు. సిలబస్‌లో అధిక భాగం భారతదేశానిదే కాబట్టి, రెండో పేపరులోని 100 ప్రశ్నల్లో ఏథెన్స్ గురించి నేరుగా అడిగేది ఎంతని వారి లెక్క. ఆ లెక్క తప్పేమీ కాదు. అయినా స్తర విన్యాసం (మట్టి పొరల క్రమాన్ని చదవడం), సాపేక్ష కాల నిర్ణయం (ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చడం), ఖనన పద్ధతులు, మృణ్మయ పాత్రల వర్గీకరణ అనే అంశాలను నేను గ్రీకు ఉదాహరణలతోనే గట్టిపరచుకున్నాను. మట్టిలో దొరికినదాన్ని ఆ కాలపు చరిత్రకారుడు రాసిపెట్టినదానితో సరిచూసుకునే అవకాశం అక్కడ ఉంది. మన దక్కను ఇనుపయుగపు సమాధులకు అటువంటి సాక్షి ఎవరూ లేరు.

గ్రీకు కుండల కాలక్రమమంతా, మేకులకు కట్టిన దండెం మీద బట్టల్లాగా, కొద్దిపాటి చారిత్రక తేదీలను ఆధారం చేసుకుని వేలాడుతుంది. క్రీ.పూ. 490లో మారథాన్ యుద్ధంలో చనిపోయిన ఏథెన్స్ సైనికుల మట్టిదిబ్బ, 480లో పర్షియన్లు ఏథెన్స్‌ను తగలబెట్టడం, 426–425 శీతాకాలంలో డెలోస్ ద్వీపపు శుద్ధి, 348లో మాసిడోనియా రాజు రెండవ ఫిలిప్ ఒలింథస్‌ను నేలమట్టం చేయడం ఇటువంటి మేకులు. నోట్సులో ఒక్కో మేకుకు ఒక్కో పేజీ కేటాయించి, అక్కడ ఏమి దొరికింది, దానికి తేదీ ఎలా వచ్చింది, ఆ తేదీని ఎంతవరకు నమ్మవచ్చు అన్న మూడు ప్రశ్నలకు జవాబులు రాసుకున్నాను. నగరాల పేర్లు, త్రవ్వినవారి పేర్లు పట్టికగా బట్టీ పట్టడం కంటే ఇది నెమ్మది పనే. కానీ నిశ్చితం, కారణం అని రెండు వాక్యాలిచ్చి సరైన జత ఏదని అడిగే ప్రశ్నల్లో నాకు పనికొచ్చింది ఇదే.

సమాధుల కోసం ఏథెన్స్‌లోని కెరామైకోస్ అనే పాత శ్మశానం ఒక్కటి చదివితే సగం అధ్యాయం పూర్తయినట్లే. అక్కడ 1870లో గ్రీకు పురావస్తు సంఘం త్రవ్వకాలు మొదలుపెట్టగా, 1913 నుంచి జర్మన్ పురావస్తు సంస్థ ఆ పని కొనసాగిస్తోంది. దహనం చేసిన అస్థికలను ఆంఫోరాల్లో (రెండు పిడుల పెద్ద జాడీల్లో) ఉంచిన తొలి కాలపు సమాధుల్లో, మెడ దగ్గర పిడులున్న పాత్రలను సాధారణంగా పురుషులకు, పొట్ట దగ్గర పిడులున్నవాటిని స్త్రీలకు వాడారు. పసిపిల్లలను కుండల్లోనే పూడ్చిపెట్టే ఆచారమూ ఉండేది. మన దగ్గరి కుండ ఖననాలను చదివేటప్పుడు దీన్ని పక్కన పెట్టుకుంటే పోలికలూ తేడాలూ రెండూ తెలుస్తాయి.

కెరామైకోస్‌లోనే నేను ఎక్కువసేపు ఆగిన చోటు ఒక గోడ. పర్షియన్లు వెళ్లిపోయాక, స్పార్టా అడ్డుకోకముందే పూర్తి చేయాలన్న తొందరలో క్రీ.పూ. 479–478లో ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లిస్ నగరం చుట్టూ గోడ కట్టించాడని, సమాధి శిలలను సైతం అందులో పేర్చారని క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్ చరిత్రకారుడు థూసిడిడీస్ రాశాడు. త్రవ్వకాల్లో ఆ గోడ నుంచి సమాధి శిల్పాలు నిజంగానే బయటపడ్డాయి. ఇప్పుడు తర్కాన్ని గమనించండి: గోడలో ఇరుక్కున్న శిల్పం ఏదీ ఆ గోడ కట్టిన ఏడాది తర్వాతది కాజాలదు, కాబట్టి శిల్పానికి గోడ టెర్మినస్ ఆంటే క్వెమ్ (దీనికి ముందే అన్న హద్దు), అదే మనకు గోడ తేదీ తెలియకపోతే, అందులోని అన్నిటికంటే కొత్త శిల్పం గోడకు టెర్మినస్ పోస్ట్ క్వెమ్ (దీని తర్వాతే అన్న హద్దు) అయ్యేది. విద్యార్థులను ఎప్పుడూ తికమకపెట్టే ఈ రెండు మాటలకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. దీని అడ్డుకోతను చేత్తో గీసి, ఏ పొర ఏ పొరను కోసిందో బాణం గుర్తులతో చూపించండి. బొమ్మ గీయకుండా స్తర విన్యాసం చదవడం వృథా అని నా అభిప్రాయం.

డెలోస్ ఉదాహరణ ఇంకా రుచికరమైనది. అపోలో దేవుడి ద్వీపంలో సమాధులు ఉండరాదని ఏథెన్స్‌వారు వాటిని త్రవ్వి పక్కనున్న రీనియా ద్వీపానికి తరలించారు. పైకి తీసినప్పుడు సగానికి పైగా ఆసియా మైనరుకు చెందిన కారియా జాతివారివని తేలిందని, ఆయుధాలను బట్టి, పూడ్చిన తీరును బట్టి వారిని గుర్తుపట్టారని థూసిడిడీస్ చెబుతాడు. సమాధి వస్తువులను చూసి జాతిని నిర్ణయించే పద్ధతి క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే ఉందన్నమాట. ఆ పద్ధతి మీద నేటి పండితులకున్న అనుమానాలు వేరే సంగతి. రీనియాలో ఆ గోతిని 19వ శతాబ్దం చివర త్రవ్వినప్పుడు దొరికిన పాత్రలు ఆ శుద్ధికి ముందువే కావాలి కాబట్టి, నల్లటి నేపథ్యంలో ఎర్రటి బొమ్మలుండే ఎర్రబొమ్మల శైలి కాలక్రమానికి ఒక హద్దు గీశాయి.

కుండల విషయంలో నల్లబొమ్మల శైలి, క్రీ.పూ. 525 ప్రాంతంలో మొదలైన ఎర్రబొమ్మల శైలి, సమాధుల్లో ఉంచిన తెల్లపూత లెకిథోస్‌లు (సన్నని మెడ నూనె పాత్రలు), ముఖ్యమైన ఆకారాలు గీసుకుంటే ఈ పరీక్ష వరకు సరిపోతుంది. కొన్ని లెకిథోస్‌ల మెడ కింద లోపల చిన్న గిన్నె అమర్చి ఉంటుంది: కాస్త నూనె పోస్తే చాలు, పాత్ర నిండుగా ఉన్నట్లు కనిపిస్తుంది. చనిపోయినవారికి ఇచ్చేదాంట్లోనూ పొదుపు పాటించినవారున్నారు! పగిలిన పెంకులనూ చిన్నచూపు చూడకండి. 1937లో పురావస్తు శాస్త్రవేత్త ఆస్కార్ బ్రోనీర్ ఏథెన్స్ కోట గుట్ట అయిన అక్రోపోలిస్ ఉత్తరపు వాలులోని ఒక బావిలో థెమిస్టోక్లిస్ పేరు గీసిన 190 ఆస్ట్రకాలు కనుగొన్నాడు. నగరం నుంచి ఎవరిని వెళ్లగొట్టాలో పేరు గీసి ఓటుగా వేసే పెంకులే ఆస్ట్రకాలు. అవి పద్నాలుగు మంది చేతిరాతల్లోనే ఉన్నాయి. బహిష్కరణ ఓటుకు ఎవరో పెంకులు ముందే రాయించి పెట్టారని దాన్నుంచి ఊహిస్తారు.

ఇళ్ల కోసం ఒలింథస్ చదవాలి. 1928 నుంచి 1938 వరకు నాలుగు విడతల్లో డేవిడ్ రాబిన్సన్ అక్కడ వందకు పైగా ఇళ్లు త్రవ్వించాడు. నేరుగా సాగే వీధులు, ఐదేసి ఇళ్ల రెండు వరుసల మధ్య సన్నని సందు, సుమారు 17 మీటర్ల చదరంలో ఒక్కో ఇల్లు, లోపల ముంగిలి, మగవారి విందులకు ప్రత్యేకమైన ఆండ్రోన్ అనే గది. ఒక ఇంట్లో పడుగు దారాలకు వేలాడదీసే మట్టి గుండ్లు ఇంటి అవసరానికి మించి గుట్టగా దొరికితే, అక్కడ అమ్మకానికి నేశారని అనుమానించవచ్చు. ఏ వస్తువు ఏ గదిలో దొరికిందో రాబిన్సన్ బృందం నమోదు చేసినందువల్లే దశాబ్దాల తర్వాత నికొలస్ కాహిల్ అనే పరిశోధకుడు ఆ ఇళ్లలోని పనుల తీరును తిరిగి పరిశీలించగలిగాడు. అయితే 348 అన్న మేకు అనుకున్నంత గట్టిది కాదు. విధ్వంసం తర్వాత కొందరు తిరిగివచ్చి, 316లో దగ్గర్లో కసాండ్రియా అనే కొత్త నగరం ఏర్పడేదాకా ఒక మూల నివసించి ఉండవచ్చన్న వాదం ఉంది. ఆ మూలలో దొరికిన కుండకు 348 తేదీ వేసేముందు ఆలోచించాలి.

ఈ తర్కాన్ని మన నేలకు తెచ్చింది అప్పటి భారత పురావస్తు శాఖ అధిపతి మార్టిమర్ వీలర్. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో, ఇటలీలో తయారైన అరెటైన్ అనే ఎర్రటి నునుపు పాత్రలు దొరికినప్పుడు, వాటి తేదీని మేకుగా వాడి, వాటితోపాటున్న రౌలెటెడ్ పాత్రలకు (లోపలి అడుగున చుక్కల గీతల వలయాలుండే పళ్లాలకు) కాలం నిర్ణయించాడు. ఆ రౌలెటెడ్ పాత్రల ఆధారంతోనే 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తాను ఆంధ్ర సంస్కృతి అని పిలిచిన పై పొరకు, దాని కిందనున్న బృహత్శిలా (పెద్ద రాళ్ల సమాధుల) సంస్కృతికి తేదీలు వేశాడు. అంటే అమరావతి, శాలిహుండం వంటి చోట్ల దొరికే ఆ పెంకుల కాలం చాలాకాలం ఒక మధ్యధరా పాత్ర మీద ఆధారపడింది. తర్వాత పురావస్తు శాస్త్రవేత్త విమలా బెగ్లే రౌలెటెడ్ పాత్రలు అరెటైన్ కంటే ముందే మొదలయ్యాయని, అవి ఇక్కడే తయారయ్యాయని వాదించింది. అరికమేడు పేజీలో వీలర్ తేదీని, ఈ సవరణను పక్కపక్కనే రాసుకోండి. ఏది కదిలితే బ్రహ్మగిరిలో ఏమి కదులుతుందో ఆ కింద ఒక వాక్యంలో చేర్చండి.