తెరుచుకున్న టాపు మూతపడక: పాత జెడ్4తో నా అనుభవం

ఇరవై రెండేళ్లు ఓడల ఇంజిన్ గదుల్లో పనిచేసి విశాఖపట్నంలో స్థిరపడ్డ నాకు, టాపు మడుచుకునే కారు ఒకటి కొని సాయంత్రాలు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్లి రావాలనే కోరిక 2021లో పుట్టింది. వెతగ్గా వెతగ్గా హైదరాబాదులో 2010 నాటి బీఎండబ్ల్యూ జెడ్4 దొరికింది. 35ఐ రకం, 61 వేల కిలోమీటర్లు తిరిగింది. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిను, దానికి రెండు టర్బోలు, 306 హార్స్‌పవర్, ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు. కొత్తలో నా బోటివాడు కన్నెత్తి చూడలేని బండి పదకొండేళ్లకు 21 లక్షలకు దిగింది. ధరలో తగ్గిన ఆ సొమ్మంతా ఎక్కడికీ పోలేదనీ, విడతలు విడతలుగా నా చేత కట్టించుకోవడానికి కాచుకుని ఉందనీ అప్పుడు తట్టలేదు.

కొనే ముందు నేను జాగ్రత్త పడకపోలేదు. కంపెనీవారు ఎన్54 అని పిలిచే ఈ ఇంజినులో, పెట్రోలును అధిక పీడనంతో నేరుగా సిలిండర్‌లోకి పంపే హై ప్రెషర్ పంపు పేరుమోసిన బలహీనత. అమెరికాలో 2010లో ఈ పంపు కోసమే, 2009-10 జెడ్4లతో సహా ఆ ఇంజినున్న అనేక మోడళ్లను వెనక్కి పిలిపించారు. అందుకని రాత్రంతా చల్లబడిన బండిని పొద్దున్నే నా ఎదుట స్టార్ట్ చేయించి, సెల్ఫ్ ఎక్కువసేపు తిరుగుతుందేమో చూశాను. పాత బిల్లుల కట్టలో ఆ పంపు మార్చిన కాగితం కూడా కనిపించింది. టర్బోల వేస్ట్‌గేట్లు (టర్బోకు వెళ్లే పొగ ఎక్కువైతే పక్కకు మళ్లించే తలుపులు) గలగలమంటాయేమోనని బోనెట్ మీద చెవి పెట్టి విన్నాను. శబ్దం వింటే ఇంజిను రోగం చెప్పగలనన్న గర్వం నాకు మొదటినుంచీ ఉంది. ఆ గర్వంలోనే ఇంజినును మాత్రం చూసి, దాన్ని చుట్టుకుని ఉన్న ప్లాస్టిక్కునూ రబ్బరునూ వైర్లనూ చూడకుండా వదిలేశాను.

బండిని స్వయంగా నడుపుకుంటూ వస్తుండగా అన్నవరం దాటి తుని చేరేలోపు డ్యాష్‌బోర్డు మీద ఉష్ణోగ్రత హెచ్చరిక పసుపులో వెలిగి, నేను పక్కకు తీసేంతలో ఎరుపుకు మారింది. ఓడలో నీటి పంపు పోయే ముందు రోజుల తరబడి మూలుగుతుంది. ఆ మూలుగు వినే ఇంజిన్ గది కాపలా డ్యూటీలో ఉన్నవాడు మేలుకుంటాడు. ఈ కారులో ఇంజినును చల్లబరిచే ద్రవాన్ని, అంటే కూలెంట్‌ను తిప్పేది బెల్టుతో నడిచే పంపు కాదు, కరెంటుతో నడిచే పంపు. పోయే ముందు అది మూలగదు, నిలిచిపోతుంది, అంతే. వెంటనే ఇంజిను ఆపేయడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని, లేకుంటే సిలిండర్ హెడ్డు వంగి ఉండేది. అక్కడినుంచి వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం ఫ్లాట్‌బెడ్ లారీ మీద గాజువాక ఆటోనగర్‌కు చేర్చాను.

ఆ పని జరుగుతున్నంతసేపూ షెడ్డులోనే కూర్చున్నాను. పంపును బిగించే బోల్టులు అల్యూమినియంవి, ఒకసారి విప్పాక మళ్లీ వాడకూడదు. మెకానిక్ పాతవాటినే తుడిచి బిగించబోతే ఆపి, కొత్తవి వచ్చేదాకా నాలుగు రోజులు ఆగాను. కూలెంట్ పోశాక లోపలి గాలి తీసే పద్ధతి నాకు ముచ్చటగా తోచింది. బ్యాటరీకి చార్జర్ తగిలించి, ఇంజిను ఆన్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రమే వేసి, హీటర్ వేడిని పూర్తిగా పెంచి, ఫ్యానును అతి తక్కువలో ఉంచి, యాక్సిలరేటర్‌ను పది సెకన్లు తొక్కి పట్టుకోవాలి. అప్పుడు పంపు దానంతట అదే గుర్రుమని లేచి సుమారు పన్నెండు నిమిషాలు తిరిగి, గాలి బుడగలన్నీ వెళ్లగొట్టి ఆగిపోతుంది. పంపు 52 వేలు, దానితోపాటే మార్చిన థర్మోస్టాట్ 14 వేలు, కూలెంటూ బోల్టులూ 4,500, లేబరు 12 వేలు, లారీ 9,500. వెరసి 92 వేల రూపాయలు, బండి ఇంకా నా పేరు మీదకు రాకముందే.

తెలంగాణ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారాలు, ఇక్కడ మళ్లీ జీవితకాల పన్ను, కొత్త నంబరు: ఇవన్నీ రెండు నెలలు తిన్నాయి కానీ తలనొప్పి పెట్టలేదు.

బండి కింద చూస్తే ఆయిల్ చెమ్మ కనిపించింది. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ వెనుక ప్యాకింగ్ వేడికి గట్టిపడి కారుతోంది. కొన్ని చుక్కలేగా అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ ఆయిల్ పడేది సరిగ్గా ఆల్టర్నేటర్ వగైరాలను తిప్పే బెల్టు మీద. నానిన బెల్టు జారి, పీలికలై, బెల్టును తిప్పే క్రాంక్ పుల్లీ చక్రం వెనుక ఉన్న సీలు సందులోంచి ఇంజిను లోపలికే లాగబడిన సందర్భాలు ఈ ఎన్54కు కొత్తవి కావు. ప్యాకింగ్ ధర 1,800, లేబరు 11 వేలు. బెల్టు కూడా మార్పించాను.

మరుసటి ఆగస్టులో అసలు పరీక్ష వచ్చింది. రుషికొండ దగ్గర టాపు తెరిచి నిలిపి ఉండగా చినుకులు మొదలయ్యాయి. రెండు అల్యూమినియం ముక్కల టాపు మామూలుగా ఇరవై సెకన్లలో మూతపడాలి. ఆరోజు డిక్కీ మూత వెనక్కి లేచి, టాపు సగం పైకి వచ్చి, నోరు తెరిచిన మొసలిలా అలాగే నిలిచిపోయింది. జనం ఫోన్లు తీశారు. మురీ మిక్స్చర్ బండి అబ్బాయి మాత్రం తన టార్పాలిన్ విప్పి తెచ్చి నాతో కలిసి సీట్ల మీద కప్పాడు.

డిక్కీలోని అడ్డతెర సరిగా లాగి ఉండకపోతే టాపు కదలదని నాకు తెలుసు. అది సరిగానే ఉంది. పెద్ద సర్వీసు సెంటర్ ఒకదాంట్లో హైడ్రాలిక్ పంపు మొత్తం మార్చాలని 2 లక్షల 80 వేలకు కొటేషన్ ఇచ్చారు. ఆయిల్ మట్టం సరిగా ఉందా, పంపుకు వోల్టేజీ అందుతోందా అని అడిగితే సమాధానం లేదు. చివరికి ఆటోనగర్‌లోనే ఒక ఎలక్ట్రీషియన్, మీటరు చేత్తో పట్టుకుని రెండు గంటలు వెతికి, “మోటారు బాగానే ఉంది సార్, దానికి కబురే చేరట్లేదు” అన్నాడు. డిక్కీ మూత కీలు దగ్గర వంగే చోట తొడుగు చీల్చి చూపించాడు. తొడుగు పైకి చెక్కుచెదరలేదు, లోపల నాలుగు వైర్లు తెగి, వాటి కొసల మీద పచ్చటి చిలుము పట్టి ఉంది. పదేళ్లు వంగి వంగి అలిసిన రాగికి మన సముద్రపు గాలి తోడైంది. మెత్తటి సిలికాన్ వైరు అతికి, టంకం వేసి, స్లీవు తొడిగి, వంపు దగ్గర కాస్త వదులు ఉంచి కట్టినందుకు అతను తీసుకున్నది 14 వేలు. ఇంకో రెండు వేలు నేనే బలవంతాన చేతిలో పెట్టాను.

ఇప్పుడు ఏటా జూన్ మొదటి వారంలో టాపు కింద నీరు పోయే దారుల్లో ఆకులు తీసి, కప్పుడు నీళ్లు పోసి కింద ధార పడుతోందో లేదో చూసుకుంటాను. రబ్బరు సీళ్లకు సిలికాన్ గ్రీజు రాస్తాను. ముందు టైర్లు ఒక సైజు, వెనక టైర్లు మరో సైజు కావడంతో అటూ ఇటూ మార్చి ఆదా చేసే వీలు లేదు. పైగా అన్నీ రన్‌ఫ్లాట్లు (గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లు), స్టెప్నీ లేదు. నాలుగింటికీ కిందటేడు లక్షా ఇరవై వేలైంది.

పోయిన నెల నుంచి ఉదయం స్టార్ట్ చేయగానే బండి కాస్త వణికి, సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన వస్తోంది. స్కానర్ మూడో సిలిండర్‌ను చూపించింది. సిలిండర్లలోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మొత్తం ఆరు, ఒక్కోటి 38 వేలు. ఆరూ కలిపి మార్చేయమని మెకానిక్ అంటున్నాడు. కారుతున్నది ఒకటే కాబట్టి ఒకటే ఆర్డరు పెట్టాను.