పిల్లల వార్డులో ఎర్రముక్కు

ఒడిశాలోని బరంపురం ఆసుపత్రుల్లో జోకరు వేషంలో పిల్లల్ని నవ్వించడానికి వెళ్దామనుకునేవాళ్లకి ఒక్క మాట: బెలూన్లు ఇంట్లోనే వదిలేయండి. పగిలిన ముక్క గొంతుకి అడ్డం పడుతుంది, పైగా ఆ రబ్బరు కొందరికి పడదు. ముఖం నిండా తెల్లరంగు కూడా వద్దు, రెండు మూడేళ్ల పిల్లలు జడుసుకుంటారు. ఎర్రముక్కు ఒక్కటి చాలు, అదీ వాళ్ల కళ్లెదుటే తగిలించుకోవాలి.

ముందు నర్సమ్మని అడగాలి. కడుపుకి కుట్లు పడ్డ పిల్లాణ్ణి పగలబడి నవ్విస్తే నొప్పితో ఏడుస్తాడు. ఆక్సిజన్ పెట్టినచోట అగ్గిపుల్లల గారడీ ఊసే ఎత్తకూడదు. ప్రతి మంచం దగ్గరా ముందూ తర్వాతా చేతులకి 20-30 సెకన్లు శానిటైజర్ రుద్దాలి. గుడ్డబొమ్మ చేతులు మారకూడదు, ప్లాస్టిక్‌దైతే తుడిచి ఇవ్వొచ్చు.

భాష సంగతంటారా? తెలుగు, ఒడియా రెండూ వచ్చినా చాలదు. గజపతి జిల్లా కొండల నుంచి వచ్చిన సవర తెగ పిల్లల్లో కొందరికి రెండూ అంతంతే. అక్కడ మాటలు కట్టిపెట్టి జేబురుమాలుతో ఎలకని చేసి ఆడించడమే. ఎలక చేతిలోంచి జారిపడాలి, మనం వెతుక్కోవాలి, పిల్లాడే చూపించాలి. వాడు మొహం తిప్పుకుంటే బతిమాలకండి. సూదిని వద్దనలేడు, మనల్నైనా వద్దననివ్వండి. పక్క మంచానికి వెళ్లిపోండి. చాలాసార్లు అక్కణ్ణుంచే ఓరగా చూస్తుంటాడు.