పక్క నంబరు

మన కాలేజీ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు హాస్టల్ భోజనం గురించో, క్రికెట్ గురించో రాద్దామనుకున్నాను. అవి నాకంటే బాగా రాసేవాళ్ళు మన బ్యాచ్‌లో చాలామంది ఉన్నారు. నేను కెమిస్ట్రీ ల్యాబు సంగతి చెబుతాను, ఆ వెంటనే మిమ్మల్ని ఆఫ్రికాలోని లైబీరియా తీసుకుపోతాను. దారి కాస్త వంకర. ఓపిక పట్టండి.

1974లో గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కాలేజీలో, అదే ఏసీ కాలేజీలో, బీఎస్సీలో చేరాను. ల్యాబులో ఇద్దరికి ఒక బల్ల, ఒక బర్నరు. ఎవరి పక్కన ఎవరన్నది హాజరుపట్టీ తేల్చేది. నాది 37. పక్క నంబరు మా తాలూకాకే చెందిన ఒక కరణంగారి అబ్బాయి. నేను మాలపల్లె నుంచి వచ్చినవాణ్ణి. వాళ్ళ ఊరి మంచినీళ్ళ బావిలో మావాళ్ళు చేద వెయ్యడానికి లేదు. ఇక్కడేమో ఇద్దరికీ ఒకటే బీకరు నీళ్ళు. మొదటివారం అతను నా చేతి నుంచి టెస్ట్‌ట్యూబు తీసుకున్న ప్రతిసారీ రుమాలుతో తుడిచేవాడు. నేను చూడనట్టు ఉండేవాణ్ణి. మూడోవారం హైడ్రోజన్ సల్ఫైడ్ వదిలారు. ఆ కుళ్ళిన గుడ్ల కంపుకి ఇద్దరం కళ్ళనీళ్ళు పెట్టుకుని దగ్గుతూ వరండాలోకి పరుగెత్తాం. తిరిగి వచ్చాక రుమాలు సంగతి అతను మరిచిపోయాడు. మాస్టారు ఈ విషయం మీద ఒక్క ముక్క మాట్లాడిన గుర్తు లేదు. నంబర్లు చదివి, తన కుర్చీలో కూర్చునేవారు.

2005లో చర్చి పరిచయస్థుల ద్వారా కబురొచ్చింది. లైబీరియాలో కటింగ్టన్ అనే క్రైస్తవ కళాశాలలో రెండేళ్ళు కెమిస్ట్రీ చెప్పాలి. అంతకుముందు నేను నైజీరియాలో పనిచేసి ఉన్నాను కాబట్టి ఆఫ్రికా అంటే బెదురు లేదు. ఇంట్లోవాళ్ళకు మాత్రం ఉంది. 1989 క్రిస్మస్ ముందురోజు అక్కడ మొదలైన అంతర్యుద్ధం మధ్యలో కాస్త ఊపిరి తీసుకుని 2003 దాకా సాగింది. రెండున్నర లక్షలమంది దాకా పోయారంటారు. నేను దిగేటప్పటికి ఐక్యరాజ్యసమితి సైనికులు పదిహేను వేలమంది దేశమంతా ఉన్నారు. రాజధాని మన్రోవియాలో వీధి దీపాలు లేవు. చీకటి పడితే జనరేటర్ల మోతే.

అక్కణ్ణుంచి కాలేజీ ఉన్న సువాకోకోకు దారి ఎర్రమట్టి, రబ్బరు తోటలు, చెక్‌పోస్టులు. సువా కోకో అనే నాయకురాలి పేరు మీద వెలసిన ఊరు. కాలేజీ మాత్రం ఇక్కడ పుట్టలేదు. 1889లో అమెరికా ఎపిస్కోపల్ చర్చివాళ్ళు సముద్రతీరాన కేప్ పామాస్ దగ్గర మొదలుపెట్టారు. అంటే మన కాలేజీకంటే నాలుగేళ్ళు చిన్నది. 1929లో మూతపడి, 1940ల చివర్లో ఈ అడవిప్రాంతంలో మళ్ళీ లేచింది. ఆ తర్వాత యుద్ధం. పక్కనే ఉన్న గ్బార్ంగా పట్టణాన్ని తిరుగుబాటు నాయకుడు చార్లెస్ టేలర్ తన రాజధానిగా చేసుకున్నాడు. అలాంటి చోట కాలేజీ ఏం బతుకుతుంది? 1998లో తెరిచారు, రెండో విడత యుద్ధంలో మళ్ళీ దోచుకుపోయారు. నేను చూసిన గదుల్లో కొన్నిటికి పైకప్పు రేకులు లేవు. గోడల్లోని కరెంటు తీగలను గీరి మరీ లాక్కుపోయారు. కుళాయిలూ అంతే.

అక్కడొక చుట్టరికం బయటపడింది. కాలేజీకి కూతవేటు దూరంలో ఫీబీ ఆసుపత్రి, లూథరన్ చర్చివాళ్ళది. ఒక ఆదివారం ఆ ఆవరణలో ఒక పెద్దాయన ‘మీదే ఊరు?’ అని అడిగాడు. గుంటూరన్నాను. ఆయన ముఖం వెలిగింది. పాత మిషన్ నివేదికల్లో ఆ పేరు చదివాడట. నిజమే. జనరల్ సినడ్ అనే అమెరికా లూథరన్ చర్చిల సమాఖ్యకు పరదేశాల్లో మిషన్ పని జరిగే చోట్లు రెండే. ఒకటి 1842లో ఫాదర్ హయ్యర్ అడుగుపెట్టిన గుంటూరు, రెండోది 1860లో మోరిస్ ఆఫీసర్ అనే మిషనరీ లైబీరియాలో సెయింట్ పాల్ నది ఒడ్డున మొదలుపెట్టిన మ్యూలెన్‌బర్గ్. ఒకే చందాల పెట్టె నుంచి అటూ ఇటూ డబ్బు వెళ్ళేది. చిన్నప్పుడు సండేస్కూల్లో ఎవరూ చెప్పలేదు మనకు ఆఫ్రికాలో దాయాదులున్నారని.

భోజనానికి ఇబ్బంది పడలేదు. వాళ్ళూ మనలాగే, అన్నం తినకపోతే భోంచేయనట్టే లెక్క. కర్రపెండలం ఆకు కూరలో కారం గుంటూరువాడికే చెమటలు పట్టించేంత.

మొదటి సంవత్సరం తరగతిలో ముప్ఫై ఏళ్ళవాళ్ళున్నారు. వాళ్ళ పదహారో ఏడు, పద్దెనిమిదో ఏడు ఎటుపోయాయో అడగకూడదని రెండురోజుల్లోనే తెలుసుకున్నాను. ల్యాబు మొదటిరోజు అలవాటుగా హాజరుపట్టీ ప్రకారం జంటలు చదివాను. ఒక బల్ల దగ్గరకు ఇద్దరు వచ్చారు గాని, మధ్య బారెడు దూరం వదిలి నిలబడ్డారు. ఒకరు మాండింగో తెగ ముస్లిం. రెండోవాడు నింబా ప్రాంతపు గియో తెగవాడు. యుద్ధంలో ఆ రెండు తెగలూ చెరోవైపు. తర్వాత తెలిసింది, మొదటివాడి తండ్రి ఇల్లు గంటా పట్టణంలో ఉంది; ఆ ఇంట్లో ఇప్పుడు ఉంటున్నది రెండోవాడి బంధువులు. జంటలు మార్చమని తోటి అధ్యాపకుడొకరు చెవిలో చెప్పాడు. మార్చడానికి కలం తీశాను కూడా. ఎందుకో మా మాస్టారు గుర్తొచ్చారు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. అది ధైర్యమో, ఏం చెయ్యాలో తోచకపోవడమో నాకే సరిగ్గా తెలియదు.

ల్యాబంటే పేరుకే. ఆమ్లాల సీసాలు నాలుగు, బ్యూరెట్లు మూడు. ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే సూచికలు లేవు. ఆవరణ నిండా మందార చెట్లుంటే పూలు నలిపి రసం తీశాం. నిమ్మరసం పోస్తే ఎర్రబడింది, సబ్బునీళ్ళు పోస్తే ఆకుపచ్చగా మారింది. మా ఆవిడ డబ్బాలో పంపిన పసుపు ఇంకో సూచిక. ఇక సబ్బు. అరటి తొక్కలు ఎండబెట్టి కాల్చి, ఆ బూడిదను నీళ్ళలో నానబెట్టి వడగట్టి, ఆ నీళ్ళను ఎర్రటి పామాయిల్‌తో కాచడం. నేను పాఠంగా చెప్పబోతే తరగతి నవ్వింది. అందరి అమ్మమ్మలూ చేసేదే. ‘మీ అమ్మమ్మ సబ్బు ముద్దలా మెత్తగా ఎందుకుంటుంది, దుకాణం సబ్బు గట్టిగా ఎందుకుంటుంది?’ అని అడిగాను. నవ్వు ఆగింది. బూడిదలో ఉండేది పొటాషియం. వంటింటి ఉప్పు కలిపితే సోడియం వచ్చి ఆ చోట కూర్చుంటుంది, సబ్బు గట్టిపడి పైకి తేలుతుంది. ఆ మధ్యాహ్నం బారెడు దూరం బల్లవాళ్ళ కుండ అడుగంటింది. గరిటె నువ్వు వదిలావంటే నువ్వు వదిలావని ఇద్దరూ గట్టిగా తిట్టుకున్నారు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. గిన్నె కడగడానికి మాత్రం రెండురోజులు పట్టింది.

2007లో తిరిగి వచ్చేశాను. వాళ్ళు స్నేహితులయ్యారని రాస్తే మీకు బాగుంటుంది. గాని నేను చూసినంతవరకు, ల్యాబు దాటితే ఎవరి దారి వారిదే.

2014లో ఎబోలా వచ్చింది. లైబీరియాలో బడులు, కాలేజీలు అన్నీ మూసేశారు. ఒక రాత్రి ఫోను మోగింది. గియో అబ్బాయి. బాంగ్ కౌంటీలో ఎబోలా చికిత్స కేంద్రంలో నీళ్ళు, శుభ్రత పని చూస్తున్నాడట. గుమ్మం గుమ్మానికీ క్లోరిన్ నీళ్ళ బకెట్లు పెట్టాలి. చేతులకు 0.05 శాతం, నేలకు, బూట్లకు 0.5 శాతం. పలుచనైతే జబ్బు చావదు, చిక్కనైతే చర్మం ఊడుతుంది. ‘సార్, పొడిలో క్లోరిన్ 70 శాతం. ఇరవై లీటర్లలో అర శాతం కావాలంటే 143 గ్రాములు వేస్తున్నాను. చేతులవాటికి దాన్నే పదింతలు పలుచన చేస్తున్నాను. ఒకసారి లెక్క సరిచూడండి’ అన్నాడు.

మీ పక్క నంబరు ఎలా ఉన్నాడని అడిగాను. మాట్లాడి చాలా కాలమైందట. ఇంటి తగాదా ఇంకా తేలలేదట. లెక్క చెప్పండి సార్, లైను పోతుంది అన్నాడు.

కరెంటు బిల్లు వెనక వేసి చూశాను. ఇరవై లీటర్లకు నూరు గ్రాముల క్లోరిన్, దాన్ని 0.7తో భాగిస్తే 142.86. సరిపోయింది అన్నాను.