వంగకుండా వేసుకునే బూట్లు: నా అనుభవం

మా దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఏ ఊరికి వెళ్లినా నడుం వంగని పెద్దవాళ్లు కనిపిస్తారు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల వచ్చిన బాధ అది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును బాగా మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే అది ఎముకల్లో పేరుకుని వెన్ను, మెడ, మోకాళ్లు బిగుసుకుపోతాయి. ఈ ప్రాంతం ఇంకా నెల్లూరు జిల్లాలో ఉండగానే, 1937లోనే, వైద్యులు దీన్ని గుర్తించి రాశారు. మా నాయనకూ అదే బాధ. దానికి తోడు షుగర్. పాదాలకు స్పర్శ తగ్గిందని, ఇక చెప్పులు మానేసి వేళ్లూ మడమా కప్పే మెత్తటి బూట్లు వేసుకోవాలని డాక్టర్ గారు చెప్పారు.

కొనడం ఎంతసేపు? తొడిగేదెవరు? నాయన తెల్లారకముందే లేచి పాల కేంద్రానికి వెళ్తాడు. "నా బూట్లు తొడగడానికి ఇంకొకరు నిద్ర లేవాలా?" అని ఆయన పట్టుదల. అది నాకు న్యాయంగానే అనిపించింది.

నాది బ్యాగులు కుట్టే షాపు. స్కూలు బ్యాగులకు జిప్పులు మార్చడం రోజూ ఉండే పనే కాబట్టి జిప్పు, వెల్క్రో, ఎలాస్టిక్ ఎప్పుడూ చేతికింద ఉంటాయి. అయినా ముందు ఏమీ కుట్టలేదు. నాయన పక్కన కూర్చుని, బూటు వేసుకునేటప్పుడు ఎక్కడ ఆగిపోతున్నాడో చూశాను. అందరూ లేసు కట్టడమే కష్టం అనుకుంటారు. అసలు ఇబ్బంది అంతకుముందే ఉంది. బూటు నోరు ఇరుకు. వేళ్లు లోపలికి వెళ్లేసరికి లేసుల కింద ఉండే నాలుక మడత పడుతుంది, మడమ వెనక అంచును తొక్కేస్తుంది. రెంటినీ సరిచేయాలంటే వంగాలి.

లేసులేని బూట్లు కొనమని చాలామంది చెప్పారు. అవి సులువుగా ఎక్కుతాయి, అంతే సులువుగా ఊడతాయి. పాదం పైభాగాన్ని, చీలమండ మలుపు దగ్గర, వెనక్కి నొక్కి పట్టేది ఏదో ఒకటి ఉంటేనే మడమ తన చోట నిలుస్తుంది. లేకపోతే అడుగడుక్కీ మడమ లేచి పడుతూ రాసుకుంటుంది. స్పర్శ లేని పాదానికి ఆ రాపిడి పుండయ్యేదాకా తెలియదు.

వెల్క్రో మీద నాకు ఆశ ఉండేది. స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్ 1941లో తన బట్టలకూ కుక్క బొచ్చుకూ అంటుకున్న ముళ్లకాయలను చూసి దాన్ని ఆలోచించాడు, 1955లో పేటెంట్ వచ్చింది. మన పొలం గట్టున ఉత్తరేణి గింజలు పంచెకు పట్టుకున్నట్టే పట్టుకుంటుంది. కానీ మా దుమ్ములో, గడ్డి నలుసుల్లో దాని కొక్కేలు త్వరగా పూడిపోయాయి. పైగా పట్టీ అతికించాలన్నా చెయ్యి బూటు దాకా వెళ్లాలి కదా!

జిప్పు వైపు మళ్లించింది ఒక అబ్బాయి కథ. అమెరికాలో మాథ్యూ వాల్జర్ అనే కుర్రాడికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులోని లోపం వల్ల కండరాలు సరిగ్గా అదుపులో ఉండని సమస్య. లేసులు సొంతంగా కట్టుకోలేక, కాలేజీకి వెళ్లేనాటికైనా తన బూట్లు తనే వేసుకోవాలని 2012లో బూట్ల కంపెనీ నైకీకి రాశాడు. 2015లో ఫ్లైఈజ్ పేరుతో, మడమ చుట్టూ జిప్పు తిరిగే బూటు వచ్చింది. అసలు జిప్పుకు తాత లాంటి కొక్కేల పట్టీకి విట్‌కాంబ్ జడ్సన్ 1893లో పేటెంట్ తీసుకున్నదే బూట్ల కోసం! నేను మాత్రం మడమ వైపు కోయదలుచుకోలేదు. బూటులో గట్టిగా ఉండాల్సిన చోటు అది.

బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే బాబాయి, నేను కలిసి కూర్చున్నాం. కాళ్లు సాయంత్రానికి వాస్తాయి కాబట్టి బూట్లు సాయంత్రం పూటే కొన్నాం, కాస్త వెడల్పువి. లేసులు తీసేసి ఎలాస్టిక్ వేసి శాశ్వతంగా ముడేశాం. వాపు వస్తే అది సాగుతుంది. చిటికెన వేలు వెనక నుంచి చీలమండ దాకా బయటి పక్క నిలువుగా కోసి జిప్పు వేశాం. ఇప్పుడు బూటు తలుపులా తెరుచుకుంటుంది, పాదం పైనుంచి దిగుతుంది. కోత ఆగేచోట బాబాయి ముందు చిన్న గుండ్రటి రంధ్రం కొట్టాడు. అది లేకపోతే చీలిక అక్కడి నుంచి పాకుతుందట. ఆయన చేతి అనుభవం అది.

ఇత్తడి పళ్ల జిప్పు వద్దనుకున్నాను. చుట్టలు తిరిగిన నైలాన్ తీగే పళ్లుగా ఉండే కాయిల్ జిప్పు పాదం వంపుతో పాటు వంగుతుంది, పళ్లు తప్పినా రన్నర్‌ని, అంటే జిప్పు మీద జరిగే బిళ్లని, ఒకసారి వెనక్కి లాగి తెస్తే మళ్లీ కలుస్తాయి. లోపలి లైనింగ్‌కు మెత్తటి తోలు మాత్రం దర్శిలో దొరకలేదు. ఒంగోలులో పినాకిని రైలు ఎక్కి మద్రాసు వెళ్లి, సెంట్రల్ స్టేషన్ పక్కనే తోళ్ల అంగళ్లుండే పెరియమేట్‌లో తెచ్చాను. జిప్పు వెనక అంతా ఆ తోలు రెక్క వేసి, కుట్టు అంచు పాదానికి తగలకుండా బయటికి తిప్పాను. కళ్లు మూసుకుని వేలితో లోపలంతా తడిమి, గరుకు తగిలిన చోటల్లా విప్పి మళ్లీ కుట్టాను.

జిప్పు పైకి లాగితే మూసుకుంటుంది. రన్నర్‌కి ఉంగరం తగిలించి కర్ర కొక్కెంతో లాగితే సరిపోయింది. తెరవడమే చిక్కు, దాన్ని కిందికి లాగాలి. పొడుగు తాడు కడితే కాళ్లకు చుట్టుకుని పడిపోతాడని భయం. చివరికి జిప్పు అడుగున ఒక చిన్న స్టీలు రింగు కుట్టి, రన్నర్ నుంచి సన్నటి నైలాన్ తాడు దాని గుండా దూర్చి బూటు పై అంచుకు తెచ్చి రెండో ఉంగరం కట్టాను. ఆ ఉంగరాన్ని పైకి లాగితే రన్నర్ కిందికి దిగుతుంది. మూయడానికి నల్ల ఉంగరం, తెరవడానికి ఎర్రది.

కర్రకు ఒక కొసన కొక్కెం. రెండో కొసన పీవీసీ పైపును నిలువుగా చీల్చి, అంచులు సాన పట్టి, వేడి చేసి కొద్దిగా వంచి బిగించాను. మడమ దాని మీదుగా జారి లోపలికి దిగుతుంది, వెనక అంచు నలగదు.

నాయన మొదటిసారి గోడకు ఆనుకుని రెండు బూట్లూ వేసుకుని, "ఇంక మీరు పడుకోండమ్మా" అన్నాడు. ఆ మాట విని బాబాయి మొహం వెలిగిపోయింది, నాకైతే కళ్లల్లో నీళ్లొచ్చాయి.

వాడేకొద్దీ ముందు అరిగేది రన్నరే. జిప్పు మొత్తం మార్చక్కర్లేదు, అదే నంబరు రన్నర్ మారిస్తే చాలు. అందుకే రెండు ఎప్పుడూ ఇంట్లో ఉంచాను. ఇప్పుడు పక్క వీధి పెద్దమ్మకు కుడుతున్నాను. ఆమెకు వేళ్లు కూడా బిగుసుకుని సన్న కర్ర పట్టు దొరకడం లేదు. అందుకే ఆమె కర్రకు సైకిల్ హ్యాండిల్ గ్రిప్ తొడిగి, ఉంగరాలు ఇంకాస్త పెద్దవి వేస్తున్నాను.